చెరువు కట్టను మింగిన నక్షా

ఆర్మూర్‌లో వేల్పూరు ఆటో ఎక్కితే అరగంట లోపే దిగిపోతాం. జులై నెలలో ఆ దారికి రెండు పక్కలా పసుపు చేలు అప్పుడప్పుడే జానెడు లేచి ఉంటాయి. వరి మళ్లలో నాట్లు నడుస్తుంటాయి. 2023 జులై 24, 25 తేదీల మధ్య, ఒక్క రోజు తిరిగేలోగా, ఈ వేల్పూరులో 46 సెంటీమీటర్ల వాన పడింది. జిల్లాలో ఏడాది మొత్తానికి పడేదే వంద సెంటీమీటర్ల పైచిలుకు. వానాకాలం నాలుగు నెలలు తీరిగ్గా కురవాల్సిన దాంట్లో సగానికి దగ్గరగా ఒక్క రోజులో దిగిపోయిందన్నమాట. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల వాన 20 సెంటీమీటర్లు దాటితే ‘అత్యంత భారీ వర్షం’. దాని పైన వాళ్ల దగ్గర ఇంకో పేరు లేదు. వేల్పూరు ఆ గీతకు రెండింతలు దాటింది.

46 సెంటీమీటర్లంటే మోకాలు. ఎక్కడి చినుకు అక్కడే నిలిచి, నేల ఒక్క చుక్క కూడా తాగకపోతే ఊరంతా, చేనంతా, చివరికి గుట్ట నెత్తిన కూడా మోకాలి లోతు నీళ్లు. కానీ నీళ్లకు ఉన్నచోట ఉండే గుణం లేదు. గుట్ట మీది మోకాలు జారి పల్లంలో నడుమవుతుంది, వాగులో మనిషెత్తవుతుంది. ఎక్కడ మోకాలు, ఎక్కడ నడుము, ఎక్కడ మనిషెత్తు? వాన పడకముందే కాగితం మీద గీసి చూపగలమా? వరద ముప్పు పటం అనేదాని పని మొత్తం ఇంతే. ఇంత చిన్న పనిలో ఎన్ని చోట్ల కాలు జారుతుందో చెప్పడానికే ఈ అధ్యాయం.

వరద అనగానే నిజామాబాద్ జిల్లా వాళ్ల చూపు ముందు గోదావరి మీదికి పోతుంది. పోవడం సహజమే. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిన నది మహారాష్ట్ర అంతా తిరిగి రెంజల్ మండలం కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగు పెడుతుంది. మంజీర, హరిద్ర అక్కడే కలుస్తాయి. పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ కందకుర్తి సంగమంలోని పాత శివాలయం మునుగుతుంది, మరునాడు పేపర్లో ఆ ఫొటో వస్తుంది. కిందికొస్తే పోచంపాడు. 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్. నలభై రెండు గేట్లు. గేట్లెత్తారని తెలిస్తే చాలు, ఆర్మూర్, అంకాపూర్ వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే చూడ్డానికి బయల్దేరుతాయి. అంకాపూర్‌లో నాటుకోడి కూర కట్టించుకుని మరీ వెళ్లే వాళ్లకు వరద ఒక పండగ.

ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. గోదావరి నిఘాలో ఉన్న నది. జలాశయంలోకి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఎన్ని వదిలారు, నీటిమట్టం 1091 అడుగుల పూర్తి మట్టానికి ఎంత దూరంలో ఉంది, అన్నీ లెక్కే. ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ ఆనకట్ట గేట్లు ఎప్పుడెత్తాలో సుప్రీంకోర్టు 2013లో తీర్పే చెప్పింది. జులై 1న ఎత్తాలి, అక్టోబరు చివరిదాకా దించకూడదు. ఒక నదికి ఇన్ని కళ్లు, ఇన్ని చెవులు, ఒక కోర్టు ఉత్తర్వు. అయినా గోదావరి పొంగి ఆర్మూర్‌ను ముంచడమంటూ జరగదు. 1091 అడుగులంటే సముద్ర మట్టానికి 332 మీటర్లు. ఆర్మూర్ పట్టణం దానికి పైనే ఉంది. వెనుక జలాల కింద నందిపేట, నవీపేట, రెంజల్ వైపు చేలు మునగడం నిజమే, అది వేరే కథ. ఆర్మూర్‌కు, వేల్పూరుకు, భీమ్‌గల్‌కు ముప్పు కింది నుంచి రాదు, పై నుంచి వస్తుంది. ఒర్రెల నుంచి, వాగుల నుంచి, తెగిన చెరువుల నుంచి. భీమ్‌గల్, మోర్తాడ్ వైపు రైతును అడిగితే పెద్దవాగు, కప్పలవాగు అంటాడు. గోదావరి పేరు చివర్లో తీస్తాడు, అదీ అన్ని వాగులూ పోయి కలిసేది అక్కడే కాబట్టి.

ఈ వాగుల నీళ్లను గంట గంటకూ కొలిచేవాళ్లు లేరు. ముప్పు ఉన్నచోట కొలత లేదు, కొలత ఉన్నచోట ఊరికి ముప్పు లేదు.

*

ఆర్మూర్‌లో నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కండి. ఆరూ మూరూ కలిస్తే తొమ్మిది, తొమ్మిదిమంది సిద్ధులు తపస్సు చేసిన చోటు కాబట్టి ఆర్మూర్ అయిందని స్థానికంగా చెబుతారు. భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకుంటారో లేదో గానీ చెప్పుకోవడానికి బాగుంటుంది. నల్లటి రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుట్ట పైనుంచి చూస్తే ఈ శాస్త్రమంతా కళ్లముందే పరుచుకుని ఉంటుంది. మీరు నిలబడ్డ రాయికి ఈ పక్క పడిన చినుకు ఒక చెరువులోకి, ఆ పక్క పడింది ఇంకో చెరువులోకి పోతుంది. రెంటినీ విడదీసే గీత కంటికి కనబడదు, కానీ ఇంటి కప్పుకు నడికొప్పు ఉన్నట్టు నేలకూ ఉంటుంది. ఒక చోటికి నీళ్లు పంపే ఆ నేలంతా కలిపి దాని పరీవాహక ప్రాంతం. గోదావరికి శ్రీరాంసాగర్ దగ్గర అది 91 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఊరి కుంటకు నాలుగైదు చేల వెడల్పే ఉండొచ్చు. చిన్నదయినా పెద్దదయినా సూత్రం ఒకటే.

జీఐఎస్ అంటే ఈ గుట్ట మీది చూపును కంప్యూటర్‌కు ఇవ్వడం. పూర్తి పేరు భౌగోళిక సమాచార వ్యవస్థ. పేరు కొత్తదే గానీ పని పాతది. తహసీల్ ఆఫీసులో నిజాం కాలం నాటి గ్రామ నక్షా మీద ట్రేసింగ్ కాగితం ఆనించి, సర్వే నంబర్ల మీద శిఖం హద్దు గీసుకున్న వాళ్లెవరికైనా దీని ప్రాణం తెలుసు. ఒక పొరలో ఎత్తుపల్లాలు, ఇంకోదాంట్లో మట్టి, ఇంకోదాంట్లో పంటలు, వేరేదాంట్లో ఇళ్లూ రోడ్లూ. అన్నిటికీ ఒకే కొలత, ఒకే ఉత్తరం. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్‌సన్ ఈ పొరల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అప్పటి నుంచి పొరలు పెరిగాయి, ట్రేసింగ్ కాగితం పోయింది.

వరదకు కావాల్సిన అడుగు పొర ఎత్తుల పొర. 2000 ఫిబ్రవరిలో అమెరికా వారి ఎండెవర్ అంతరిక్ష నౌక పదకొండు రోజులు రాడార్‌తో భూగోళాన్ని తడిమి ఒక ఎత్తుల పటం తెచ్చింది. మనదేశం 2005లో పంపిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో, మన రెండు కళ్లలాగే, ఒకే చోటును రెండు కోణాల్లో చూసింది. ఆ చిత్రాల నుంచి హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దేశానికి ఎత్తుల పటం తయారు చేసి భువన్ పోర్టల్‌లో పెట్టింది. కాలేజీ పిల్లలు కూడా పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. రెండింట్లోనూ నేలంతా దాదాపు 30 మీటర్ల గళ్లుగా ఉంటుంది, గడికొక ఎత్తు. ఒక్కో గడి తొమ్మిది గుంటలకు కొంచెం తక్కువ. దాదాపు పావెకరం చేనుకు ఒక్క అంకె.

ఇప్పుడు వాన కురిపించండి. గడిలో పడిన నీటి ముందు ఎనిమిది దారులుంటాయి, చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లు. ఎటు వాలు ఎక్కువో అటు పోతుంది. 1984లో ఓకల్లాఘన్, మార్క్ అనే ఇద్దరు రాసిన పద్ధతి ఇది, ఇంత సులువు కాబట్టే ఇప్పటికీ వాడుతున్నాం. ప్రతి గడికీ దిక్కు తేలాక రెండో పని లెక్కపెట్టడం. బోనాల రోజు ఊహించుకోండి. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో బోనం లేస్తుంది. సందు చివర నాలుగు కలుస్తాయి, వాడకట్టు మలుపులో నలభై అవుతాయి, గుడి ముందుకొచ్చేసరికి నాలుగు వందలు. ఏ మలుపులో ఎన్ని బోనాలు దాటాయో రాసుకుంటే ఏది సందో ఏది పెద్ద తొవ్వో ఊరు చూడకుండానే చెప్పొచ్చు. కంప్యూటర్ చేసేదీ అదే. వెయ్యి గళ్ల నీళ్లు దాటిన గడిని ఒర్రె అంటుంది, లక్ష దాటితే వాగు. ఎత్తుల అంకెలు తప్ప ఇంకేమీ ఇవ్వకుండానే తెర మీద చెట్టు కొమ్మల్లా వాగులన్నీ మొలుచుకొస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పదోసారి చూసినప్పుడు అనుమానం మొదలైంది.

*

అనుమానం పుట్టించింది ఒక నీరటి. చెరువు తూములు తీయడం, నీళ్లు పంచడం ఇంటి పనిగా ఉన్న కుటుంబంలో పుట్టినవాడు, డెబ్బై దాటిన మనిషి. ఒక చెరువు కట్ట మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచి నీలిగీతలు చూపిస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత గీత మీద వేలు పెట్టాడు.

“గీ నీళ్లు కట్ట మీదికెల్లి ఎట్ల వోతున్నయ్ సారూ? మత్తడి గాడుంది గద!”

వేలు చూపినవైపు చూస్తే నిజంగానే మత్తడి కట్ట రెండో కొసన, గుట్ట వారకు ఉంది. నా నక్షాలో వాగు కట్ట నడుమ నుంచి, గోడలోంచి దయ్యం నడిచినట్టు తిన్నగా వెళ్లిపోతోంది.

తప్పు ఎక్కడ జరిగిందో లెక్క వేసి చూస్తే సిగ్గేస్తుంది. అయిదు మీటర్ల ఎత్తు, పైన మూడు మీటర్ల వెడల్పు ఉన్న మట్టి కట్టకు రెండు పక్కలా వాలు కలుపుకుంటే అడుగున ఇరవై మూడు మీటర్ల దాకా వస్తుంది. ఆ మట్టినంతా ముప్పై మీటర్ల గడిలో సమంగా పరిస్తే ఎత్తు సుమారు రెండు మీటర్లే మిగులుతుంది. కట్ట సరిగ్గా రెండు గళ్ల నడుమ పడిందా, అది ఒక్క మీటరే. ఎత్తుల పటంలో మామూలుగా ఉండే పొరపాటే కొన్ని మీటర్లు. ఇక కట్ట ఎక్కడ?

దీని మీద ఇంకో దెబ్బ. ఎత్తుల పటంలో అక్కడక్కడా చుట్టూ ఎత్తుగా, నడుమ గుంటగా ఉండే గళ్లు వస్తాయి. నీళ్లు అందులో పడితే బయటికి దారి ఉండదు, లెక్క ఆగిపోతుంది. అందుకని ఏ సాఫ్ట్‌వేరైనా మొట్టమొదట గుంటలన్నీ పూడ్చేస్తుంది. ఈ ఏర్పాటు రాసినవాళ్ల దేశాల్లో గుంట అంటే చాలావరకు కొలత తప్పే, పూడిస్తే నష్టం లేదు. తెలంగాణలో గుంట అంటే చెరువు! చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో లెక్కతేలిన చెరువులూ కుంటలూ 46 వేలకు పైగా. 2015 మార్చి 12న ఆ పథకం ప్రారంభించింది కూడా అప్పటి మన జిల్లాలోనే, సదాశివనగర్ పాత చెరువు దగ్గర. ఆ వేల చెరువులన్నిటినీ కంప్యూటర్ ఒక్క క్లిక్‌తో పూడ్చి చదును చేసేస్తుంది. ఏ ఆక్రమణదారుడూ ఇంత తొందరగా చేయలేడు.

అందుకే ఇక్కడ నక్షా గీసేవాడు ముందు కట్టను చేత్తో తిరిగి కట్టాలి. కట్ట ఉన్న గళ్లను గోడలా ఎత్తు చేయాలి. మత్తడి ఉన్నచోట దాని అసలు మట్టానికి గాటు పెట్టాలి. తూము ఎక్కడో గుర్తించాలి. దీనికి ఉపగ్రహం చాలదు, గ్రామ నక్షా కావాలి, నడక కావాలి, నీరటి కావాలి. అలా సరిచేశాక మా చెరువు నీలిగీత కట్ట నడుమ నుంచి తప్పుకుని కొసకు జరిగింది, మత్తడి దుంకి, కొన్ని ఇళ్ల పక్క నుంచి పోయి కింది చెరువులో పడింది. ముందటి నక్షాలో ఆ ఇళ్లకు ఏ రంగూ లేదు.

కింది చెరువు అన్నాను. మన చెరువులు ఒంటరివి కావు, గొలుసుకట్టు. పైదాని మత్తడి కిందిదానికి ప్రాణం. మామూలు వానలో ఈ గొలుసు వరదను మెల్లగా దించే మెట్ల వరస. ఒక్కో చెరువూ కొంత పట్టుకుని, కొంత ఆలస్యంగా వదులుతుంది. కానీ పైన ఒకటి తెగితే కథ తిరగబడుతుంది. నెలరోజులు దాచుకున్న నీళ్లు గంటలో కింది చెరువు మీద పడతాయి. దాని మత్తడి అంత నీటికి కట్టింది కాదు, కట్ట మీదుగా పొర్లుతుంది. మట్టి కట్ట మీద నీళ్లు పొర్లడమంటే గండి పడటమే. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు కారణం వెతకమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. ఆయన నగరంలో కూర్చోలేదు, ఎగువకు పోయి చెరువులు లెక్కపెట్టాడు. నగరానికి ఎగువన 788 చెరువులు, దాదాపు చదరపు మైలుకొకటి. అందులో 221 తెగాయని తేల్చాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ లెక్కలోంచి పుట్టినవే. కంప్యూటర్ లేని కాలంలో ఆయన గీసింది ముప్పు పటమే. ఇవాళ్టి కొన్ని పటాల కంటే మెరుగైనది, ఎందుకంటే అందులో చెరువులున్నాయి.

*

నేల ఎంత తాగుతుంది? అందరూ అడిగే ప్రశ్న ఇది. చెట్లుంటే వరద రాదనీ, సిమెంటు పోస్తే వస్తుందనీ వింటుంటాం. సగం నిజం. అమెరికా భూసంరక్షణ శాఖ 1950లలో తయారుచేసిన ఒక లెక్క ఉంది. నేలకు వందలోపు ఒక మార్కు వేస్తారు. మార్కు ఎక్కువైతే నీళ్లు ఎక్కువ జారతాయి. దున్నిన నల్లరేగడికి 85, గడ్డీ గాదం ఉన్న ఎర్రనేలకు 70 అనుకుందాం. 4 సెంటీమీటర్ల మామూలు వాన పడితే రేగడి నుంచి సుమారు 13 మిల్లీమీటర్లు జారిపోతుంది, ఎర్రనేల నుంచి మూడు కూడా పోదు. దాదాపు అయిదింతల తేడా. ఇప్పుడు అదే లెక్కలో వేల్పూరు వాన పోయండి. రేగడి నుంచి 41 సెంటీమీటర్లు, ఎర్రనేల నుంచి 35. తేడా కరిగిపోయింది. గొంతుదాకా తాగిన నేల, తాగని నేల రెండూ ఒకటే అయ్యాయి.

అందుకే చిన్న వానలకు పనికొచ్చే నక్షా పెద్ద వానకు పనికిరాదు. పెద్ద వానలో మట్టి ఏమిటన్నది కాదు, నీళ్లకు దారి ఎటు, నడుమ నిలిచే చోటు ఎంత అన్నవే మిగులుతాయి. వంద చదరపు కిలోమీటర్ల మీద 41 సెంటీమీటర్లు జారితే 4 కోట్ల ఘనపు మీటర్లు, దాదాపు ఒకటిన్నర టీఎంసీ. ఆ వాన ఒక యంత్రం దగ్గర పడినట్టే అంతటా పడి ఉండదు, అది వేరే విషయం. వేగం చూడండి. పది కిలోమీటర్ల వాగు, కిలోమీటరుకు అయిదు మీటర్ల వాలు ఉంటే, కిర్పిచ్ అనే ఇంజినీరు 1940లో ఇచ్చిన సూత్రం ప్రకారం పైకొసన పడిన చినుకు కిందికి రావడానికి మూడు గంటలు. రాత్రి రెండింటికి వాన ముదిరితే అయిదింటికి నీళ్లు గుమ్మంలో. గోదావరి వరద మహారాష్ట్ర నుంచి కబురు పెట్టి వస్తుంది, వాగు కబురు పెట్టదు.

ఇలాంటి నీటి లెక్కలేవీ చేయకుండానే రంగురంగుల ముప్పు పటాలు గీసే ఒక పద్ధతి బాగా చలామణిలో ఉంది. ఎత్తు, వాలు, వాన, మట్టి, పంట, వాగు నుంచి దూరం, ఇలా ఏడెనిమిది పొరలు తీసుకుని, ఒక్కోదానికి ఇన్ని పాళ్లు అని బరువులు వేసి కలిపేస్తారు. బరువులు తేల్చడానికి థామస్ సాటీ అనే గణితవేత్త ఇచ్చిన, జంటజంటగా పోల్చే పద్ధతి ఉపయోగపడుతుంది. చివరికి ఎరుపు నుంచి ఆకుపచ్చ దాకా అయిదు రంగులు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ప్రాజెక్టు రిపోర్టు అట్ట మీద ఇంకా బాగుంటుంది. నా అభియోగం ఒక్కటే, ఆ నక్షాలో నీళ్లు పారవు. వాలుకు ఇరవై పాళ్లు, మట్టికి పది పాళ్లు అని నిర్ణయించింది గదిలో కూర్చున్న మనిషి. ఇంకో మనిషి కూర్చుంటే రంగులు మారతాయి. పులుసులో ఉప్పూ కారం ఎవరి నాలుకకు తగ్గట్టు వాళ్లు వేసుకోవచ్చు, ముప్పుకు అది కుదరదు. దీనికన్నా నిరాడంబరమైన కొలత ఒకటుంది. ఇల్లు తన నీళ్లు పోయి కలిసే వాగు కంటే ఎన్ని మీటర్లు పైన ఉంది? అంతే. వాగుకు కిలోమీటరు దూరంలో ఉన్నా రెండు మీటర్ల ఎత్తులోనే ఉన్న ఇల్లు మునగొచ్చు. వాగును ఆనుకునే ఉన్నా పది మీటర్ల దరి మీద ఉన్న ఇల్లు పొడిగా ఉండొచ్చు.

*

గీసిన పటం ఒప్పో తప్పో ఎలా తెలుస్తుంది? అసలు వరదతో పోల్చాలి. దానికి ఉపగ్రహాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. రాడార్ ఉపగ్రహం మబ్బులోంచి, చీకట్లోంచి కూడా చూస్తుంది. గరుకు నేల మీద పడిన కిరణం కొంత తిరిగొస్తుంది, నిలిచిన నీటి మీద పడింది అద్దం మీద పడినట్టు అవతలికి జారిపోతుంది, అందుకని నీళ్లు నల్లగా కనిపిస్తాయి. బాలానగర్ కేంద్రం పెద్ద వరదలప్పుడు ఇలాంటి చిత్రాలతోనే మునిగిన ప్రాంతాలు గుర్తించి రాష్ట్రాలకు పంపుతుంది. బిహార్‌కు, అస్సాంకు ఏళ్ల తరబడి చిత్రాలతో వరద అట్లాసులే తయారు చేసింది.

మన వాగు దగ్గరికొచ్చేసరికి రెండు చిక్కులు. జులై ఆఖరున వరి నాటు వేసిన ప్రతి మడీ నీళ్లతో నిండి రాడార్‌కు నల్లగానే ఉంటుంది. పండగ లాంటి పచ్చని ఆయకట్టును చూసి వరద వచ్చిందని రాసుకుంటుంది. రెండోది ఇంకా పెద్దది. యూరప్ వాళ్ల సెంటినెల్-1 జంటలో ఒకటి 2021 డిసెంబరులో పాడయింది. 2023 నాటికి మిగిలిన ఒక్కటీ ఒకే దారిలో మళ్లీ రావడానికి పన్నెండు రోజులు పట్టేది. వాగు వరద పన్నెండు గంటలు కూడా ఉండదు. తెల్లవారి మనిషెత్తు పారింది సాయంత్రానికి మోకాలికి దిగిపోతుంది. ఉపగ్రహం వచ్చి చూసేసరికి తడిసిన ఇసుక, వంగిన తుంగ. నిలిచిన వరదే ఉపగ్రహానికి గుర్తుంటుంది, పరుగెత్తిన వరద ఉండదు. అలాంటి చిత్రాలే పోగేసి అట్లాసు వేస్తే గోదావరి ఒడ్డు నల్లబడుతుంది, వేల్పూరు తెల్లగా మిగులుతుంది.

ఎత్తుల పటానికీ మతిమరుపు ఉంది. 2000లో ఎండెవర్ చూసిన నేల మీద నిజామాబాద్–పెద్దపల్లి రైలు కట్ట లేదు. అది ఆర్మూర్ మీదుగా పూర్తయింది 2017లో. నాలుగు వరసల 44వ నంబరు జాతీయ రహదారి కట్ట కూడా అప్పటికి లేదు. నీటి దృష్టిలో ఇవన్నీ చెరువు కట్టలే, తేడా అల్లా మత్తడి లేకపోవడం. కల్వర్టు ఒక్కటే తూము. దానికి కంప, ప్లాస్టిక్ సంచులు, పసుపు మోడులు అడ్డం పడితే రోడ్డు ఎగువన అప్పటికప్పుడు ఒక కొత్త చెరువు పుడుతుంది, ఏ రికార్డులోనూ లేని చెరువు. నక్షాలో కల్వర్టు వెడల్పు రాయడంతో పని అయిపోదు. సగం మూసుకుందనుకుని ఇంకోసారి లెక్క వేయాలి.

కొత్తగా లేచే కట్టలే కాదు, నీళ్ల అడుగు నేలా మారుతుంది. శ్రీరాంసాగర్ కడుపే తీసుకోండి. కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది. 1994 సర్వేలో 90 తేలింది, ఆ తర్వాతి సర్వేలో 80. ఒండ్రు పేరుకుంటున్న కొద్దీ అదే మట్టానికి తక్కువ నీళ్లు పడుతున్నాయి. అంత పెద్ద జలాశయానికి సర్వే చేసి లెక్క మార్చుకుంటారు. ఊరి చెరువులో పూడిక ఎంతో కనుక్కోవడానికి వెదురు గడ దించి చూసేవాళ్లే దిక్కు.

ముప్పు అంటే నీళ్లు ఒక్కటే కాదు, నీళ్ల దారిలో ఏముందో కూడా. జూన్‌లో పెట్టిన పసుపు దుంప జులై ఆఖరుకు లేత మొక్క. బోదెల మధ్య నీళ్లు రెండు మూడు రోజులు నిలిస్తే దుంపకుళ్లు పడుతుంది. ఆకు అంచుల నుంచి ఎండుతూ వస్తుంది, కాండం మొదలు మెత్తబడుతుంది, పట్టి లాగితే ఊడి చేతికొస్తుంది. అదే నీళ్లు అంతసేపు నిలిచినా పక్క మడిలోని వరి తట్టుకుంటుంది. అందుకని ఒకే లోతు నీటికి రెండు చేలకు రెండు రంగులు వేయాలి. పసుపు తొమ్మిది నెలల పంట, జనవరి నుంచి మార్చి దాకా తవ్వుతారు. జులైలో ఒక్క రాత్రి పోయిన దుంప లెక్క నిజామాబాద్ యార్డులో ఫిబ్రవరిలో గానీ బయటపడదు, కుప్ప చిన్నదయినప్పుడు. అప్పటికి వరదను అందరూ మర్చిపోయి ఉంటారు. పరిహారం రాసుకునేవాళ్లు కంటికి కనబడే ఇసుక మేటను రాసుకుంటారు, మట్టిలో కుళ్లిన దుంపను ఎవరు చూస్తారు?

*

రెండోసారి వెళ్లినప్పుడు నీరటి తాత సరిచేసిన నక్షా చూసి తలూపాడు గానీ నాకు అది చాల్లేదు. గీత సరైన చోటికి వచ్చింది, లోతు సరైనదో కాదో? 2023లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చెప్పే కొలత బద్ద ఆ వాగు మీద ఎక్కడా లేదు. ఎవరినడిగినా చెయ్యి నడుము దగ్గర పెట్టేవాళ్లు ఒకరు, ఛాతీ దగ్గర పెట్టేవాళ్లు ఒకరు. ముళ్లకంచెకు చిక్కిన గడ్డి ఎప్పుడో ఎండి రాలిపోయింది. తుమ్మచెట్టు బెరడు మీది మట్టి మరకను తర్వాతి వానలు కడిగేశాయి.

“మోటార్లు జూడు,” అన్నాడు తాత.

వాగొడ్డున వరసగా బోరుబావులు. ఒక్కోదాని పక్కన కరెంటు స్తంభం, స్తంభానికి స్టార్టర్ పెట్టె. మామూలుగా నిలబడి మీట నొక్కేందుకు వీలుగా ఛాతీ ఎత్తులో ఉంటుంది. ఇక్కడివి అన్నీ పైకి జరిగి ఉన్నాయి, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే. పాత మేకుల రంధ్రాలు కింద అలాగే కనబడుతున్నాయి. నీళ్లు పెట్టెలోకి పోయి మోటారు కాలిన రైతు మళ్లీ అదే చోట పెట్టడు. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో అక్కడికి జానెడు పైన పెడతాడు. వాగుకు దగ్గరి పెట్టె బాగా పైన, చేను లోపలికి పోయిన కొద్దీ కిందికి, చివరి రెండు మాత్రం పాత చోటనే.

టేపు తీశాం. తాత కొస పట్టుకున్నాడు, నేను చదివాను. నేల నుంచి ఒక్కో పెట్టె అడుగుకు ఎంతో, ఆ స్తంభం ఎక్కడుందో ఫోనులో గుర్తు పెట్టుకుంటూ పోయాం. మూడో స్తంభం దగ్గర పెట్టె నాకు అందలేదు. కింద ఒక బండరాయి వేసి ఉంది, రైతు మోటారు వేయాలంటే రోజూ దాని మీదికి ఎక్కుతాడట. నేనూ ఎక్కాను.